సాయంత్రం అయిదింటికి మెయిన్ కట్టేస్తారు

క్రాస్ కంపైలర్ అంటే ఏమిటో పదకొండేళ్లుగా పాఠం చెబుతున్నాను. రెండు మార్కుల ప్రశ్న అది. పరీక్షలో తప్పకుండా వస్తుంది కాబట్టి పిల్లల చేత నోట్సులో దాని చుట్టూ డబ్బా గీయించి మరీ చెబుతాను. అలాంటిది ఒక్కటంటే ఒక్కటి నా చేత్తో తయారు చేసిన పాపాన పోలేదు. ఈ సంగతి నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మా కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్లం ఇలాంటివి ఒకరినొకరం అడగం. అదొక మర్యాద మాకు.

డెల్టాలో చిన్న ఊరు, ఒక పాలిటెక్నిక్. ఇంతకు మించి గుర్తులు చెప్పను. ఎందుకంటే ఇందులో నేను తిట్టబోయేవాళ్లంతా ఇంకా అక్కడే ఉన్నారు, నేనూ అక్కడే ఉన్నాను.

ముందు ఈ క్రాస్ కంపైలర్ గొడవేమిటో చెప్పి ముందుకు వెళతాను. మనం రాసిన ప్రోగ్రామును మిషనుకు అర్థమయ్యేలా మార్చేది కంపైలరు. ల్యాబులో ఉన్న కంప్యూటర్‌కు ఒక రకం చిప్పు ఉంటుంది, ఇంట్లో గోడకు తగిలించిన వైఫై రౌటర్‌కు మరో రకం. రౌటర్ మీద కూర్చుని ప్రోగ్రాము తయారు చేయలేం, దానికంత శక్తి లేదు. అందుకని కంప్యూటర్ మీదే కూర్చుని రౌటర్‌కు సరిపోయేలా తయారు చేసి పంపాలి. ఎదురుగా లేని మనిషికి కొలత జాకెట్టు చూసి కుట్టినట్టన్నమాట. అలా కుట్టిపెట్టే మిషనే క్రాస్ కంపైలర్. ఇంతే సంగతి. దీన్ని నేను పదకొండేళ్లు ఇంగ్లీషులో ఎంత కష్టంగా చెప్పానో తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నేను చెప్పబోయే అమ్మాయి అప్పుడు ఆఖరి ఏడాది చదువుతోంది. రావులపాలెం అవతలి నుంచి బస్సులో వచ్చేది. అరటి గెలల లారీల వెనక బస్సు ఇరుక్కుపోయిందని చెప్పి వారానికి రెండు మూడుసార్లు మొదటి పీరియడుకు ఆలస్యంగా వచ్చేది. నేను నమ్మేదాన్ని కాదు. "రోజూ నీ బస్సుకే అడ్డం వస్తాయా ఆ గెలలు?" అని క్లాసు మొత్తం ముందు అన్నాను ఒకసారి. నవ్వారు అందరూ. తనూ నవ్వింది.

ప్రాజెక్టు టైటిళ్లు ఇవ్వమన్న రోజున అసలు సంగతి బయటపడింది. వాళ్ల నాన్న కాలువ లాకుల దగ్గర లస్కరు. షట్టర్లు ఎత్తడం, దించడం, రోజూ పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ గేజీ చూసి నీటిమట్టం ఎంతుందో ఆఫీసుకు ఫోను చేసి చెప్పడం ఆయన పని. గేజీ మెట్లు నాచు పట్టి ఉంటాయి. కిందటి వర్షాకాలం వాటి మీద జారిపడి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. అప్పటి నుంచి మెట్లు దిగలేకపోతున్నాడు. దిగలేకపోతున్నాడని ఆఫీసులో తెలిస్తే ఉద్యోగం ఉండదు, పర్మనెంటు కాదు కదా. అందుకని పొద్దునా సాయంత్రం ఈ పిల్లే దిగి చూస్తోంది. ఆయన గట్టున నిలబడి ఫోనులో చెబుతున్నాడు. ఆలస్యం అందుకు.

"గేజీని తనంతట తనే చూసుకుని ఆఫీసుకు పంపే మిషను చేస్తానండి" అంది. "మన స్టోర్‌రూములో పాత వైఫై రౌటర్లు పడున్నాయి కదండీ. దాన్నే చిన్న కంప్యూటరులా వాడుకోవచ్చండి. లోపల సాఫ్ట్‌వేర్ తీసేసి ఓపెన్ సోర్సుది ఎక్కించాలండి. నెట్‌లో చదివాను."

స్టోర్‌రూములో ఉన్నదేదీ బయటకు రాదు మా దగ్గర. విరిగిన స్టూలు కూడా డెడ్ స్టాకు రిజిస్టరులో ఒక నంబరుతో బతికే ఉంటుంది. అయినా నేను సంతకం పెట్టి ఒక రౌటర్ తీసి ఇచ్చాను. ఆ ఒక్క సంతకానికి నన్ను నేను ఎంత మెచ్చుకున్నానో! ఇంటికెళ్లి మావారికి కూడా చెప్పాను.

మా దగ్గర ప్రాజెక్టు అంటే ఏమిటో కూడా చెప్పాలి. రాజమండ్రిలో ప్రాజెక్టులు అమ్మే షాపులున్నాయి. వెళ్లి కొనుక్కోవడమే. థర్మోకోల్ ఇళ్లు, థర్మోకోల్ రోడ్డు, చిన్న చిన్న లైట్లు, కింద ఒక బోర్డు, పైన రంగుల కాగితం. దాంతోపాటు రిపోర్టు బైండింగు చేసి ఇస్తారు, వైవాలో అడిగే ప్రశ్నలకు జవాబులు కూడా అచ్చేసి ఇస్తారు. పిల్లలకు తెలుసు, మాకు తెలుసు, బయటి నుంచి వచ్చే ఎగ్జామినరుకు ఇంకా బాగా తెలుసు. ఆయన కాలేజీలోనూ అంతే కదా. ఆ ఏడాది మా బ్రాంచిలో ఆటోమేటిక్ స్ట్రీట్ లైట్లే నాలుగు వచ్చాయి. నాలుగింటిలోనూ రోడ్డు మీద అదే ఎర్ర కారు.

వాటి మధ్య ఈ పిల్ల ఒక్కతే సొంతంగా చేస్తానంది. చూస్తుండగానే వారమే మిగిలింది, వచ్చే సోమవారం వైవా. ఆ లోపల కంపైలర్ తయారవ్వాలి, దానితో గేజీ ప్రోగ్రాము తయారు చేసి రౌటర్ మీద నడిపించి చూపించాలి. ప్రోగ్రాము ఎప్పుడో రాసి పెట్టుకుంది. నీటి మీద తేలే డబ్బా, తీగలు, అన్నీ సిద్ధం. కంపైలర్ ఒక్కటే లేదు. రెడీమేడుగా దొరకలేదా అంటే, ఆ రౌటర్ పాతది, మెమరీ తక్కువ, కొత్త సాఫ్ట్‌వేర్ అందులో పట్టదు. పట్టే పాత వెర్షనుకు తగిన రెడీమేడ్ కంపైలర్ లింకులన్నీ ఎప్పుడో చచ్చిపోయాయి. దాని సోర్సు మాత్రం దొరికింది. సోర్సు నుంచి మనమే తయారు చేసుకోవాలి.

సోమవారం కూర్చున్నాం. ల్యాబులో కిటికీ పక్క కంప్యూటర్ ఆమెది. పక్క కుర్చీలో నా బ్యాగు, అందులో నా లాప్‌టాప్. దాన్ని రోజూ మోసుకెళతాను, అటెండెన్సు ఎక్కించడానికి.

తయారీకి ముందు కాన్ఫిగర్ అని ఒక మెట్టు ఉంటుంది. అది మూడు విషయాలు అడుగుతుంది. ఏ మిషను మీద తయారు చేస్తున్నావు, తయారైనది ఏ మిషను మీద నడుస్తుంది, అది ఏ మిషను కోసం ప్రోగ్రాములు తయారు చేస్తుంది. మొదటిది మా ల్యాబు కంప్యూటరు. రెండోదీ అదే. మూడోది రౌటరు. ఇప్పుడు ఎంత తేలిగ్గా చెబుతున్నానో చూడండి. ఆ రోజు నేను రెండో చోట కూడా రౌటర్ పేరే రాయమన్నాను. చాలా నమ్మకంగా చెప్పాను. తను ఒక్క క్షణం నా మొహం చూసి రాసేసింది. అది మొరాయించింది. రౌటర్ మీద నడిచేది కావాలంటే రౌటర్ కోసం తయారు చేసే కంపైలర్ ముందే ఉండాలి కదా, అదే కదా లేనిది. ఇద్దరం మధ్యాహ్నం మూడింటి దాకా ఎర్రర్లు వెతికాం. మూడింటికి తను నెమ్మదిగా రెండో పేరు మార్చింది. కాన్ఫిగర్ గడగడా వెళ్లిపోయింది.

"నీకు ముందే తెలుసా?" అన్నాను.

"అనుమానం వచ్చిందండి."

"మరి చెప్పలేదేం?"

"మీరు చెప్పారు కదండీ" అంది.

కోప్పడ్డాను. తప్పు అనిపిస్తే చెప్పాలి కదా అని క్లాసు పీకాను. నేను చిన్నప్పటి నుంచి పెద్దలకు ఎదురుచెప్పకుండానే పెరిగాను, మా నాన్న మిషన్ స్కూల్లో మాస్టారు, ఆయన రాసినది తప్పని నేనెప్పుడైనా అన్నానా? లేదు. కానీ ఆ రోజు ఆ పిల్లకు మాత్రం గొప్పగా చెప్పాను.

మంగళవారం పొద్దున అసలు తయారీ మొదలుపెట్టాం. మేక్ అని కొట్టి ఎంటర్ నొక్కితే తెర నిండా అక్షరాలు పరుగెత్తుతాయి. ముందు ఒక అరకొర కంపైలర్ తయారవుతుంది, దాంతో లైబ్రరీ తయారవుతుంది, ఆ లైబ్రరీతో అసలు కంపైలర్ తయారవుతుంది. గంటలు గంటలు పడుతుంది. మా ల్యాబు కంప్యూటర్ల వయసు చెప్పుకుంటే సిగ్గు. నాలుగున్నరకు తను బస్సుకు వెళ్లిపోయింది. ఆరింటికి గేజీ. నేను అయిదింటికి ల్యాబు తలుపు దగ్గరగా వేసి వెళ్లాను.

బుధవారం వచ్చేసరికి కంప్యూటర్ ఆగి ఉంది. మళ్లీ మొదలుపెడితే ఆగిన చోటు నుంచే వెళ్లింది, పర్వాలేదు అనుకున్నాం. గంట గడిచాక ఎక్కడో ఎర్రర్. ఆ ఎర్రరుకూ మేం చేసిందానికీ సంబంధమే కనపడదు. అది సరిచేస్తే ఇంకోచోట. మధ్యాహ్నానికి నా ఓపిక నశించింది. "సోర్సు సరిగ్గా దింపుకున్నావా అసలు? ఏదో ఒకటి మధ్యలో వదిలేసి ఉంటావు. అందుకే చెబుతాను పద్ధతిగా చేయమని!" అని అరిచాను. నా అరుపుకు పక్క వరుసలో వాళ్లు తలలు వంచుకున్నారు. తను తల ఊపి మళ్లీ సోర్సు దింపింది. ఆ సాయంత్రం కూడా అలాగే వదిలి వెళ్లాం.

గురువారం తనే కనిపెట్టింది. తయారైన ఫైళ్ల లిస్టు తీసి సైజుల వరుస చూపించింది. కొన్నింటి ఎదురుగా సున్నా. ఫైలు ఉంది, పేరు ఉంది, తారీకు ఉంది, లోపల ఏమీ లేదు.

"కరెంటు పోయిన క్షణంలో రాస్తూ ఉన్న ఫైళ్లండి ఇవి. ఖాళీగా మిగిలిపోయాయి. పేరు ఉంది కాబట్టి మేక్ ఇవి అయిపోయాయనుకుంటోంది. వాటి మీద మిగతావి కడుతోంది."

"కరెంటు ఎక్కడ పోయింది? మంగళవారం మా ఇంట్లో పోలేదే."

తను తలుపు వైపు చూసింది. తలుపు పక్కన మెయిన్ బోర్డు.

మా ల్యాబు అటెండరు ఏళ్ల తరబడి చేస్తున్న పని అది. సాయంత్రం అయిదింటికి ఆఖరున వచ్చి, కిటికీలు మూసి, మెయిన్ కట్టేసి, తాళం వేసి, తాళం రెండుసార్లు లాగి చూసి వెళతాడు. యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బిపోయి ఎప్పుడో చచ్చాయి. రోజూ మా కంపైలర్ గొంతు నొక్కేస్తున్నది ఈయనన్నమాట! నేను బయటకు వెళ్లి వరండాలోనే పట్టుకున్నాను ఆయన్ని. నాకంటే పదిహేనేళ్లు పెద్దాయన. ఏమన్నానో అన్నీ గుర్తున్నాయి, అన్నీ రాయను. లోపల మిషను పని చేస్తుంటే కనపడదా మీకు, కళ్లు నెత్తి మీద ఉన్నాయా, ఇంతమంది జీవితాలు మీ చేతిలో పెట్టాం చూడండి అన్నాను. జీవితాలట! అంత పెద్ద మాట.

ఆయన రెండు చేతులూ కట్టుకుని విన్నాడు. "ఆయ్, కనపడతందండి. నాకు తెలీదా మేడమ్ గారూ. కట్టకపోతే నాకే కదండీ వచ్చేది. ఓసారి ఆ పక్క ల్యాబులో ఏసీ కాడ వైరు కాలింది. మెయిన్ వేసి ఎలిపోయానని నాకు మెమో ఇచ్చారండి. ఆ ఏసీ వేసి ఎల్లింది నేను కాదండి. మీ పని ఎన్ని గంటలు పడద్దండి?"

"నిరాటంకంగా ఒక రాత్రీ పగలూ."

"ప్రిన్సిపాల్ గారు ఓ ముక్క రాసిత్తే ఉంచేత్తానండి. నాకేం పోయింది" అన్నాడు.

శుక్రవారం ప్రిన్సిపాల్ గారి దగ్గరకు వెళ్లాను. పిల్లను కూడా తీసుకెళ్లాను, ఆయన మనసు కరుగుతుందని. మా వైపు "లేదు" అనే మాట ఎవరి నోటా రాదండి. అన్నింటికీ అలాగే. "అలాగేనమ్మా, అలాగే. దానికేముంది? ఒక లెటరు పెట్టండి. హెడ్డు గారి ద్వారా రండి. ఎలక్ట్రికల్ వాళ్ల అభిప్రాయం కూడా ఒకటి తీసుకుందాం. సేఫ్టీ కదమ్మా. టీ తాగి వెళ్లండి." టీ తాగాం. లెటరు రాశాను. ఎలక్ట్రికల్ ఆయన సెలవు, సోమవారం వస్తాడు. వైవా సోమవారం. "సోమవారం చూద్దాం కదమ్మా" అన్నాడు గుమాస్తా, లెటరు అందిందని వేసే ఇన్‌వర్డు నంబరు కూడా వేయకుండా. ఆ లెటరు ఆయన మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. "అలాగేనండి" అని వచ్చేశాను. నేనూ ఆ జిల్లాదాన్నే కదా.

మెట్లు దిగుతుంటే ఆ అమ్మాయి అడిగింది. నేల వైపు చూస్తూ అడిగింది.

"మేడమ్ గారూ, ఈ తయారీ మీ లాప్‌టాప్‌లో ఒక్కసారి పెట్టుకోనిస్తారా అండి? పక్కన చిన్న భాగంలోనే పెడతానండి. మీవేవీ ముట్టుకోను."

ఇక్కడ నేను అబద్ధం చెప్పదలచుకోలేదు. అది కొత్త లాప్‌టాప్. భుజానికే ఉంది. నా నోటి నుంచి వచ్చిన మాట: "అందులో నా పర్సనల్ వి ఉంటాయమ్మా. ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు." పర్సనల్ అంటే ఏముంది? మా చర్చి క్వయరు పాటల రికార్డింగులు, మా అమ్మాయి పుట్టినరోజు ఫొటోలు, మార్కుల షీట్లు. ఇవి కారణం కాదు. లాప్‌టాప్ ఇస్తే నేనూ పక్కన కూర్చోవాలి. నా మిషను మీద నాకేమీ తెలియదని ఆ పిల్ల ముందు బయటపడుతుంది. సోమవారం రెండో పేరు దగ్గర పోయిన పరువు చాలనిపించింది. ఇది అప్పుడు తెలియలేదు నాకు. అప్పుడు చాలా న్యాయంగా మాట్లాడుతున్నాననే అనుకున్నాను.

"అలాగేనండి" అంది.

శనివారం పొద్దున వచ్చి పాతదంతా తుడిచేసి, పదకొండింటికి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. "ఎంతవరకు వెళితే అంతవరకండి" అంది. సాయంత్రం అయిదింటికి ఏం జరుగుతుందో ఇద్దరికీ తెలుసు. ఆ అక్షరాలు పరుగెడుతుంటే చూడటం నావల్ల కాలేదు. ఒక చచ్చే మనిషి పక్కన కూర్చున్నట్టుంది. పన్నెండున్నరకు పక్కకు పిలిచాను.

"చూడమ్మా, ఎల్లుండి వైవా. ఉత్త చేతులతో వెళితే ఫెయిల్ చేస్తాడు ఎగ్జామినరు. కంపైలర్ కావట్లేదు, మధ్యాహ్నం బస్సుకు రాజమండ్రి వెళ్లి ఏదో ఒక ప్రాజెక్టు తెచ్చుకో. నీ మంచికే చెబుతున్నాను. పాసైతే తరవాత ఎన్ని రౌటర్లైనా చేసుకోవచ్చు."

ఈసారి నా మొహం చూసింది. సోమవారం రెండో పేరు రాయమన్నప్పుడు చూసినట్టే, ఒక్క క్షణం.

"అలాగేనండి" అని బ్యాగు సర్దుకుంది. నీటి మీద తేలే ఆ డబ్బా బల్ల మీదే ఉండిపోయింది. మా జిల్లా మొత్తంలో అలాగే అన్న పని నిజంగా చేసే మనిషి ఆ పిల్ల ఒక్కతే.

అయిదింటికి నా బ్యాగు తీసుకోవడానికి ల్యాబుకు వచ్చాను. అటెండరు మెయిన్ బోర్డు దగ్గర నిలబడి ఉన్నాడు. చెయ్యి పైన ఉంది కానీ కట్టలేదు. తెర మీద అక్షరాలు ఇంకా పరుగెడుతున్నాయి.

"లెటరు వచ్చిందాండి?"

"రాలేదండి. కట్టేయండి. ఇంక అవసరం లేదు."

ఆయన ఆ డబ్బా వైపు చూశాడు. "ఇది లాకుల కాడి పిల్లదే కదండీ. ఆళ్ల నాన్న నాకు తెలుసండి. కాలు ఇరిగిందంట." చెయ్యి దించాడు. "మీరెల్లండి మేడమ్ గారూ. వరండాలోనే పడుకుంటాను. వైరేదైనా కాలితే నేనుంటాను కదండీ."

వద్దండి, మీకు మళ్లీ మెమో వస్తుంది అన్నాను. గట్టిగా అనలేదు. మెయిన్ ఉంచినందుకు కాదు, నన్ను కాదని ఉంచినందుకు కొంచెం కోపం కూడా వచ్చింది. ఇంటికి వెళ్లిపోయాను. ఆ పిల్లకు ఫోను చేసి చెప్పలేదు. ఎందుకు లేనిపోని ఆశ పెట్టడం అనుకున్నాను. ఎంత మంచి మనసో నాది!

ఆదివారం ఆరాధనలో ఉన్నాను. బైబిలు నుంచి రెండో పాఠం చదువుతుంటే ప్రిన్సిపాల్ గారి టీ గుర్తొచ్చి పళ్లు కొరుక్కున్నాను, దేవుడు క్షమించుగాక. బయటకు వచ్చి చెప్పులు వేసుకుంటుంటే అటెండరు ఫోను.

"అక్షరాలు ఆగిపోయినాయండి. పొద్దున్నే ఆగినాయి. ఏదో రాసి ఉంది, ఇంగ్లీషు, నాకు తెలవట్లేదు. మీరు ఆరాధనలో ఉంటారని చేయలేదండి."

ఆగిపోయిందంటే నాకు ఒకటే అర్థం. వారం రోజులుగా ఆగిన ప్రతిసారీ చచ్చే ఆగింది. ఆ ఇంగ్లీషు ఏమిటో ఒక ఫొటో తీసి పంపమని కూడా అనలేదు. కాలేజీ మా చర్చికి ఆటోలో పది నిమిషాలు. ఇంటికి చుట్టాలు వస్తున్నారు, పులుసు పెట్టాలి. "పోతే పోయిందిలెండి. మెయిన్ కట్టేసి ఇంటికెళ్లి పడుకోండి" అన్నాను.

"కట్టేయమంటారా?" అని రెండుసార్లు అడిగాడు. కట్టేయండి అని రెండుసార్లూ నేనే చెప్పాను.

సోమవారం తొమ్మిదింటికి ల్యాబు తెరిచి, ఎందుకో ఆ కంప్యూటర్ ఒకటి ముందు వేశాను. లాగ్ ఫైలు ఆఖరి వరకు వెళ్లాను. ఎర్రర్ లేదు. సైజుల వరుస తీసి సున్నాల కోసం వెతికాను. ఒక్క సున్నా లేదు. రెండు ముక్కల చిన్న ప్రోగ్రాము రాసి దానికి ఇచ్చాను, తొందరలో మూడుసార్లు తప్పు కొట్టాను. రౌటర్ చిప్పుకు సరిపోయే ఫైలు తయారు చేసి ఇచ్చింది. ఆదివారం పొద్దున ఆరు గంటల పది నిమిషాలకు పూర్తయింది అది. ఆగిపోలేదు. అయిపోయింది. ఒక పూర్తి రోజు మా దగ్గర ఉండగా నేను పులుసు పెట్టుకున్నాను.

పరుగెత్తాను సెమినార్ హాలుకు. వైవా మొదలైపోయింది. ఆ అమ్మాయి ముందు వరుసలోనే ఉంది, ఆమెది రెండో నంబరు. బల్ల మీద థర్మోకోల్ వీధి. అదే ఎర్ర కారు. సెన్సరు మీద చెయ్యి అడ్డం పెడితే లైట్లు వెలిగాయి, తీస్తే ఆరాయి. షాపువాళ్లు ఇచ్చిన మాటలు గడగడా అప్పజెప్పింది. ఎగ్జామినరు గారు రిపోర్టు తిరగేస్తున్నారు, ఒక కన్ను గోడ గడియారం మీద.

"ఇందులో క్రాస్ కంపైలర్ వాడామని రాశారే. క్రాస్ కంపైలర్ అంటే ఏంటమ్మా?"

హాలు మొత్తంలో ఆ మాటకు నిజమైన జవాబు తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఆయనకు తెలియదు. నాకు వారం కిందట తెలియదు. మూడు పేర్ల సంగతి చెప్పవచ్చు, అరకొర కంపైలర్ సంగతి చెప్పవచ్చు, సున్నా ఫైళ్ల సంగతి చెప్పవచ్చు. చెబుతుందనుకున్నాను.

నా నోట్సు అప్పజెప్పింది. డబ్బా గీయించి చెప్పిన రెండు మార్కుల జవాబు, ఇంగ్లీషులో, అక్షరం పొల్లు పోకుండా.

"వెరీ గుడ్" అన్నారాయన. "ఎవరు చెప్పారమ్మా మీకు ఈ సబ్జెక్టు?"

నన్ను చూపించింది. ఆయన నా వైపు తిరిగి మెచ్చుకోలుగా తల ఊపారు. నేనూ ఊపాను. ఇంకేం చేస్తాను, హాలు నిండా జనం.

ఆ రోజు ఇంకొకటి కూడా జరిగింది. ల్యాబు మెయిన్ రాత్రంతా ఉందని వాచ్‌మన్ చెప్పాడట, అటెండరుకు మెమో సిద్ధమవుతోంది. నేను చెబితేనే ఉంచారు, బాధ్యత నాది అని లెటరు రాసి ఇచ్చాను. ఆ లెటరుకు మాత్రం అప్పటికప్పుడు ఇన్‌వర్డు నంబరు పడింది. మెమో నా పేరు మీదకు మారింది. అదేమీ గొప్ప కాదు, చేయాల్సిన దాంట్లో అతి చిన్నది.

మూడున్నరకు వరండాలో దొరికింది ఆ అమ్మాయి. థర్మోకోల్ వీధి చంకలో ఉంది. ఎలా చెప్పాలో తెలియక ఒక్కసారే చెప్పేశాను. "కంపైలర్ వచ్చిందమ్మా. అటెండరు బాబాయ్ మెయిన్ ఉంచారు. నిన్న పొద్దున ఆరూ పదికి అయిపోయింది. నేనే చూసుకోలేదు."

కోప్పడుతుందనుకున్నాను. కోప్పడాలని కూడా అనుకున్నాను. ఆ వారమంతా నేను అందరి మీదా పడి అరిచాను, ఒక్కరైనా నా మీద అరిస్తే బాగుండునని ఉంది.

"ఆరూ పదికాండి? అప్పుడే గేజీ చూసి పైకి వచ్చానండి" అంది. తరవాత వేళ్ల మీద లెక్కేసుకుంది. "శనివారం పదకొండింటికి పెట్టాం. పంతొమ్మిది గంటలు పట్టిందన్నమాట."

"అవును. చాలా పాత మిషను కదా అది."

"అవునండి. మీ లాప్‌టాప్‌లో అయితే మూడు గంటలు పట్టేదండి. ప్రొజెక్టరుకు తగిలించినప్పుడు చూశాను కదండీ, అది కొత్తది. సోమవారమే లెక్కేసుకున్నాను." థర్మోకోల్ వీధిని రెండో చంకలోకి మార్చుకుంది. "మీరే ఇస్తారేమోనని శుక్రవారం దాకా అడగలేదండి."

ఎంత మర్యాదగా అందో. గొంతులో చిన్న ఎత్తిపొడుపు కూడా లేదు. ఉంటే తట్టుకునేదాన్ని. నా భుజానికి బ్యాగు ఉంది, అందులో లాప్‌టాప్ ఉంది.

"రేపు తీసుకురానా? రేపు కూర్చుందామా?" అన్నాను చివరికి.

"ఈ వారంలో కాలువలు కట్టేస్తారండి. ఇంక నీళ్లుండవు, చూడటానికి గేజీ ఉండదు" అంది. నన్ను ఓదారుస్తున్నట్టే చెప్పింది. "వస్తానండి, బస్సు వచ్చేస్తుంది."

థర్మోకోల్ వీధిని జాగ్రత్తగా పట్టుకుని మెట్లు దిగి గేటు వైపు వెళ్లిపోయింది. కాలువ ఇంకా కట్టలేదు కదా. ఆరింటికల్లా ఆమె గేజీ దగ్గర ఉండాలి.